పలకరిస్తే పోయేదేముంది!

అమీర్‌పేటలో కోర్సు పూర్తయి ఆర్నెల్లయింది. రెజ్యూమె పంపని కంపెనీ లేదు. జవాబిచ్చిన కంపెనీ లేదు. ఇంటికొస్తే అబ్బాయి చేతిలో సెల్లు, అమ్మ నోట ‘వీడికి ఉద్యోగం వచ్చినట్టే’ అన్న దెప్పిపొడుపు! చాలా ఇళ్లలో కథే ఇది. ఆ తల్లి కోపంలో న్యాయం లేకపోలేదు. కానీ... ఉద్యోగానికి దారి ఆ సెల్లులోనే ఉంటే?

దూరపు పరిచయమే దారి

కొలువు కావాలంటే ఎవరిని అడుగుతాం? బాబాయినో, ప్రాణస్నేహితుడినో. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ఈ లెక్కని తిరగేశారు. తెలిసినవారి ద్వారా ఉద్యోగం సంపాదించినవాళ్లని ‘ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారు?’ అని అడిగారు. తరచూ కలిసేవాళ్లం అన్నది నూటికి 17 మందే! మిగిలినవారికి దారి చూపింది ఎప్పుడో ఓసారి కలిసే పరిచయస్థులే. కారణం సులువే. మన ఆప్తులకు తెలిసిన సంగతులు చాలావరకు మనకూ తెలిసే ఉంటాయి. కొత్త కబురు రావాల్సింది బయటి నుంచే.

2003లో మొదలైన లింక్డిన్ బలం సరిగ్గా ఇదే. రెండు కోట్ల మంది సభ్యుల సమాచారంతో చేసిన అధ్యయనం 2022లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. మరీ దగ్గరివారికన్నా ఓ మాదిరి పరిచయం ఉన్నవారే ఉద్యోగం మారడానికి ఎక్కువగా ఉపయోగపడుతున్నారని అదీ తేల్చింది.

అందుకే కాలేజీ సీనియర్‌కి ‘జాబ్ ఇప్పించండి’ అని రాయకండి. ‘మీ దగ్గర ఫ్రెషర్లని ఏమేం అడుగుతారు?’ అని రాసి చూడండి. మొదటిదానికి మొహమాటపడేవారు రెండోదానికి జవాబివ్వొచ్చు!

పదో తరగతి బ్యాచ్

2004లో వచ్చిన ఆర్కుట్ గుర్తుందా? స్కూలు పేరు కొడితే చాలు, రెండు జడల నేస్తం ప్రత్యక్షం! 2014లో అది మూతపడినా ఆ సరదా వాట్సప్‌లోకి మారింది. ఒక్కరి నంబరు దొరికితే చాలు, బ్యాచ్ మొత్తం పోగవుతుంది. ఆనక ఆత్మీయ సమ్మేళనం, మాస్టార్లకు శాలువాలు. అక్కడితో ఆగకుండా, తోటి విద్యార్థికి ఆపద వస్తే తలా కొంత వేసుకుని ఆదుకుంటున్న బ్యాచ్‌లూ ఉన్నాయి.

లెక్కలు చెప్పిన అన్నయ్య

సల్మాన్ ఖాన్... సినిమా హీరో కాదు. అప్పట్లో అమెరికాలో ఉద్యోగి. 2004లో వేరే ఊళ్లో ఉన్న దగ్గరి బంధువుకి ఫోన్లో, నెట్‌లో లెక్కలు నేర్పడం మొదలెట్టారు. మిగతా చుట్టాల పిల్లలూ అడిగారు. అందరికీ విడివిడిగా చెప్పలేక 2006లో పాఠాలను యూట్యూబ్‌లో పెట్టారు. అదే ఖాన్ అకాడమీ అయింది. మీ అమ్మాయి క్లాసు గ్రూపులో ఎవరో తెల్లకాగితం మీద చేసి పెట్టే లెక్క కూడా ఇలాంటిదే.

గీత దాటొద్దు

ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందే డబ్బు అడిగితే అది మోసమే. ఓటీపీ, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదు. ముఖం తెలియనివారికి ఫొటోలు, ఇంటి చిరునామా ఇవ్వొద్దు.

ఈ ఆదివారం అబ్బాయి సెల్లు పట్టుకుంటే కసురుకోకండి. పక్కన కూర్చుని ‘ఎవరిని పలకరించావురా?’ అని అడగండి. మీ పాత కొలీగ్ కొడుకు ఏ కంపెనీలో ఉన్నాడో మీకే గుర్తు రావచ్చు!