పెట్టె సోదా – మన హక్కు



నేను పదో తరగతిలో ఉండగా ఒక రాత్రి మా హాస్టల్ వరండాలో అందరి ట్రంకు పెట్టెలూ బోర్లించారు. గంజాయి కోసమన్నారు. ఏమీ దొరకలేదు. నా పక్క మంచం మిత్రుడి పెట్టెలో మాత్రలు దొరికాయి. "ఇవేమిటి?" అని అందరి ముందే అడిగారు. సికిల్ సెల్ జబ్బుకని వాడు చెప్పక తప్పలేదు. సెలవులకు వెళ్లినవాడు మళ్లీ రాలేదు. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో నేనే మొదటివాణ్ణి. వాడు నాకంటే బాగా చదివేవాడు.

సోదాలు వద్దని నేననను. మన ఏజెన్సీలో గంజాయి సమస్య నిజం. 2021లో పోలీసులు 'పరివర్తన' పేరుతో గంజాయి తోటలు నరికించారు. నాలుగు డబ్బులు ఆశ చూపి మన పిల్లల చేత సంచులు మోయించేవాళ్లూ ఉన్నారు. కానీ సోదాకు ఒక పద్ధతి ఉంది.

1985 నాటి మత్తు పదార్థాల చట్టం, సెక్షన్ 50 ప్రకారం ఒంటిని సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట చేయమని కోరే హక్కు ఉందని పోలీసులు మనకు చెప్పాలి. సర్టిఫికెట్ల మీద సంతకానికి మనం వెతుక్కుంటూ తిరిగే గెజిటెడ్ అధికారే! అయితే ఇది ఒంటి సోదాకే గాని సంచికి వర్తించదు. ఆడపిల్లను ఆడవారే సోదా చేయాలి.

పద్దెనిమిదేళ్లు నిండనివారిని లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటల్లో బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. పిల్లలతో మత్తు సరుకు మోయించేవారికి 2015 బాలల న్యాయ చట్టం, సెక్షన్ 78 కింద ఏడేళ్ల వరకు కఠిన శిక్ష ఉంది.

మరి వార్డెన్ గారు? పెట్టె తెరిచి చూపమనడం వేరు, బట్టలు విప్పమనడం వేరు. అమెరికాలో నొప్పి మాత్రల కోసం పదమూడేళ్ల బాలిక బట్టలు విప్పించి వెతికారు. అది రాజ్యాంగ విరుద్ధమని 2009లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మన సుప్రీంకోర్టు కూడా 2017 ఆగస్టు 24న, తొమ్మిది మంది న్యాయమూర్తుల తీర్పులో, గోప్యత ప్రాథమిక హక్కు అని చెప్పింది. హాస్టల్ పిల్లలకు కాదని అందులో ఎక్కడా లేదు.

కాబట్టి పెట్టె తెరవమంటే తెరవండి, దాచవద్దు. "నా ఎదుటే, విడిగా చూడండి సార్" అని మర్యాదగా అడగండి. భయమేస్తే 1098కి ఫోన్ చేయండి. ఎవరైనా సంచి మోయమంటే మాత్రం ముట్టుకోకండి.

ఆ రాత్రి మాకెవరికీ ఇవి తెలియవు. ఒక్కరికి తెలిసినా నా మిత్రుడు ఈ రోజు వార్షికోత్సవానికి వచ్చి ఉండేవాడేమో.