వేమన్ టిస్డేల్ పురస్కారము

అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ క్రీడయందు ప్రథమ సంవత్సర విద్యార్థులలో శ్రేష్ఠుడని ఎన్నబడిన వానికి ఆ దేశపు బాస్కెట్‌బాల్ పాత్రికేయుల సంఘమువారు వేమన్ టిస్డేల్ అను క్రీడాకారుని పేర ఏటేట ఒసగు గౌరవమిది. 2025లో డ్యూక్ విశ్వవిద్యాలయపు కూపర్ ఫ్లాగ్ దీనిని అందుకొనెను.

తొలియేటి విద్యార్థులు ప్రధాన జట్టున ఆడరాదను నిబంధన 1972 ప్రాంతమున సడలిన పిమ్మట, పదేండ్లకు ఓక్లహోమా విశ్వవిద్యాలయమున చేరిన టిస్డేల్, చేరిన యేడే అసోసియేటెడ్ ప్రెస్ వారి అఖిల అమెరికా ప్రథమ జట్టులో స్థానము వడసి, అట్టి ఘనత గన్న తొలి నూతన విద్యార్థి యయ్యెను. 1984 ఒలింపిక్స్‌లో స్వర్ణపతకమును, ఆపై అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగగు ఎన్‌బీఏలో పండ్రెండేండ్ల క్రీడాజీవితమును అతని కీర్తిని పెంపొందించినవి. తండ్రి మతబోధకుడుగానున్న చర్చిలో బాల్యముననే చేపట్టిన బేస్ గిటారును, ఎడమచేతివాటముతో, తనంత తానే సాధన చేసి, జాజ్ విద్వాంసుడుగ సైతము మన్ననలందిన అతడు, ఎముకల క్యాన్సరుచే 2008లో కుడికాలు కోల్పోయియు వాద్యమును విడువక, మరుసటి యేడు 44వ యేట పరమపదించెను.

ఉన్నత పాఠశాల నుండి నేరుగ ఎన్‌బీఏకు పోరాదను నియమము 2006 నుండి అమలగుటచే, ఆంథొనీ డేవిస్, జయాన్ విలియమ్సన్ వంటి విజేతలు ఒక్క యేడు మాత్రమే కళాశాలలో ఆడి వెడలిపోయిరి. ఇంతటి స్వల్పావధిలో పొందదగిన బిరుదునకు, తొలియేటనే మహోన్నతుడైన వాని నామము పెట్టుట సర్వవిధముల సముచితము. 2018లో దీనిని గెలిచిన ట్రే యంగ్, టిస్డేల్ చదివిన ఓక్లహోమా విద్యార్థియే.