మూలుగ మరచిపోదు

ఎముకల నడుమ మెత్తగా ఉండే మూలుగను మనవారు బలానికి గుర్తుగా ఎంచుతారు. ఆ నమ్మకంలో సత్యం ఉన్నది. నెత్తురు పుట్టేది అక్కడే. ఎర్రకణం సుమారు 120 రోజులు, రక్తఫలకిక పది రోజులు, రోగక్రిములతో పోరాడే తెల్లకణాలలో అధికభాగం కొద్ది రోజులు మాత్రమే జీవిస్తాయి. అందుచేత మూలుగకు విశ్రాంతి అనేది లేదు.

రొమ్ము కాన్సరుకు ఇచ్చే కీమోథెరపీ మందులు వేగంగా విభజన పొందే కణాలను దెబ్బతీస్తాయి. కాన్సరు కణాలతోపాటు మూలుగ కణాలూ ఆ దెబ్బకు గురి అవుతాయి. మందు ఎక్కించిన పది, పదునాలుగు రోజులకు తెల్లకణాలు అడుగంటి, మూడు వారాలకు సాధారణంగా కోలుకుంటాయి. విడతల నడుమ ఎడం ఉంచేది అందుకే.

ఈ చరిత్రలో ఒక తెలుగువానికి ఘనమైన స్థానం ఉన్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల, రక్తోత్పత్తికి అవసరమైన ఫోలిక్ ఆమ్లాన్నీ, దానిని అడ్డగించే మందులనూ లోకానికి అందించింది. ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్ చాలాకాలం రొమ్ము కాన్సరు చికిత్సలో ముఖ్యమైన మందుగా నిలిచింది.

చికిత్స ముగిసిన పిదప ఎక్కువమందిలో మూలుగ తేరుకుంటుంది. కొందరిలో మాత్రం రక్తకణాలు నెలల తరబడి తక్కువగానే ఉంటాయి. సైక్లోఫాస్ఫమైడ్, డాక్సోరుబిసిన్ వంటి మందులు మూలకణాల జన్యుపదార్థంలో గాయం మిగిల్చి, అరుదుగా, ఇంచుమించు నూటికి ఒకరు లేదా అంతకంటె తక్కువమందిలో, మూలుగ వ్యాధికో లుకేమియాకో దారితీయవచ్చు. అది ఒకటి రెండేళ్లకే తలయెత్తవచ్చు. ఐదు, పది సంవత్సరాల తర్వాతనైనా రావచ్చు. అయితే ప్రాణం నిలిపే మందును మానడానికి ఈ భయం కారణం కారాదు. జాగరూకతకు మాత్రమే కారణం కావాలి.

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల స్త్రీలు అనేకులు చికిత్సకై హైదరాబాదుకు, 1955లో వెలసిన ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి వంటి చోట్లకు వెళ్లవలసి వస్తున్నది. ఆదిలాబాద్ నుంచి అది సుమారు 300 కిలోమీటర్ల దూరం. ఇల్లు చేరి, మళ్లీ పత్తిచేలలోనో వరిమడులలోనో పనికి దిగిన ఇల్లాలు, తన అలసటను ఎండ మీదికి నెట్టివేస్తుంది. రక్తహీనత స్త్రీలలో సర్వసాధారణం కనుక ఇంటివారూ దానిని పట్టించుకోరు. తగ్గని అలసట, మాటిమాటికీ జ్వరం, కారణం లేని కములు గాయాలు కనిపిస్తే సి.బి.పి. అనే చిన్న రక్తపరీక్ష చేయించాలి. ఏ మందులు ఎప్పుడు తీసుకున్నదీ తెలిపే ఆసుపత్రి కాగితాలను ఎన్నేళ్లయినా భద్రపరచి వైద్యునికి చూపాలి.

ఆ కాగితాన్ని చదివి తల్లికి అర్థం చెప్పగల విద్యార్థి ఇంట్లో ఉంటే, చదువుకు అంతకు మించిన సార్థకత ఏమున్నది?