ఓడింది వాళ్లు, తిన్నది మనం

తెలుగులో దుఃఖానికీ కడుపుకీ పడదు. "ముద్ద దిగడం లేదు", "ఆకలి చచ్చిపోయింది", "పొద్దుట్నించి మంచినీళ్లు కూడా ముట్టలేదు" అంటుంటారు, ఇంట్లో కష్టం వచ్చినప్పుడు మన పెద్దవాళ్లు. మరి చెన్నై జట్టు ఓడిన రాత్రి మన హాస్టల్లో మిక్స్చర్ పొట్లాలు ఎందుకు ఖాళీ అవుతున్నాయి? హాస్టల్ స్నేహితులను అడిగితే, "ఏమోనే, కోపం వచ్చింది, తిన్నాం" అన్నారు. ఆ "ఏమోనే"కి జవాబు వెతుకుతుంటే ఒక పరిశోధన కనబడింది. దాని గురించి చెప్పాలనే ఈ వ్యాసం.

యాన్ కోర్నిల్, పియర్ షాండన్ అనే ఇద్దరు 2013లో 'సైకలాజికల్ సైన్స్' పత్రికలో దీన్ని ప్రచురించారు. వాళ్లు చూసింది క్రికెట్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. ఆ ఆటలు ఎక్కువగా ఆదివారం జరుగుతాయి. సోమవారం నాడు ఆయా ఊళ్లలోని జనం ఏం తిన్నారో లెక్క తీశారు. సొంత ఊరి జట్టు ఓడితే, మర్నాడు జనం తిన్న సంతృప్త కొవ్వు మామూలు కన్నా 16 శాతం పెరిగింది. గెలిస్తే 9 శాతం తగ్గింది. సంతృప్త కొవ్వు అంటే వెన్న, నెయ్యి, పామాయిల్‌లో వేయించిన సరుకు లాంటి వాటిలో ఉండేది. జట్టే లేని ఊళ్లలో ఈ తేడా రాలేదు. అభిమానం ముదిరిన ఊళ్లలో ఇంకా ఎక్కువ కనిపించింది. కొద్దిలో చేజారిన ఆటలకైతే మరీను.

ఈ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. 2019 మే 12న హైదరాబాద్‌లో జరిగిన ఐపీఎల్ ఫైనల్ గుర్తుందా? ముంబయి 149, చెన్నై 148. ఒక్క పరుగు! చిత్తుగా ఓడితే "పోనీలే" అనుకుని టీవీ కట్టేస్తాం. ఒక్క పరుగుతో ఓడితే ఆ పరుగు ఎక్కడ పోయిందా అని రాత్రంతా వెతుక్కుంటాం, చెయ్యి డబ్బాలో పెట్టుకుని.

ఆడింది ఎవరో, ఓడింది ఎవరో, మధ్యలో మనకేం నొప్పి? తెలుగు విద్యార్థులకు ఈ భాగం నచ్చుతుందనుకుంటాను. రాబర్ట్ చాల్దీనీ అనే మనస్తత్వవేత్త బృందం 1976లో అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులను గమనించింది. తమ కాలేజీ జట్టు గెలిస్తే కాలేజీ పేరున్న చొక్కాలు వేసుకొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఆట గురించి చెప్పమంటే, గెలిచినప్పుడు "మనం" అనడం ఎక్కువ, ఓడినప్పుడు తక్కువ. ఇంగ్లీషులో ఉన్నది ఒకే 'వి'. మనకు "మేము" వేరు, "మనం" వేరు. తమిళంలోనూ నాంగళ్, నామ్ అని అదే తేడా. మ్యాచ్ చూసేటప్పుడు "మేం గెలిచాం" అని ఎవరూ అనరు, ఎదుటివాళ్లనీ కలుపుకుని "మనం గెలిచాం" అంటారు. ఓడగానే "వాళ్లకి బ్యాటింగే రాదు" అయిపోతుంది. మాటలో ఇంత సులువుగా తప్పుకుంటాం గానీ, ఒళ్లు తప్పుకోదు. 2014 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ అభిమానుల లాలాజలాన్ని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పరీక్షించారు. జర్మనీ చేతిలో 7-1 తేడాతో ఓడిన సెమీఫైనల్ నాడు, ఒత్తిడిలో ఊరే కార్టిసాల్ అనే హార్మోన్ వాళ్లలో బాగా పెరిగింది.

ఇక్కడే మన నుడికారానికీ సమాధానం దొరుకుతుంది. హఠాత్తుగా పెద్ద దెబ్బ తగిలితే అడ్రినలిన్ ఆకలిని అణిచేస్తుంది, అదే "ముద్ద దిగకపోవడం". ఒత్తిడి సాగుతూ ఉంటే మాత్రం కార్టిసాల్ తీపి వైపు, కొవ్వు వైపు లాగుతుంది. ఐపీఎల్ మ్యాచ్ రాత్రి ఏడున్నరకి మొదలై పదకొండు దాటేదాకా సాగుతుంది. అంటే మూడున్నర గంటల ఒత్తిడి, ఆపైన నిద్ర చాలకపోవడం. పెద్దవాళ్ల మాట అబద్ధం కాదు, అది వేరే దుఃఖం గురించి చెప్పిన మాట.

ఒక్క విషయంలో మాత్రం అమెరికా లెక్క మనకు అతకదేమో అనిపిస్తుంది. గెలిస్తే అక్కడ తక్కువ తిన్నారట. మన వీధుల్లో గెలిస్తే మైసూర్‌పాక్ పంచుతారు, బిర్యానీ తెప్పిస్తారు! అయితే గెలుపు తిండి పదిమందిలో తినేది, చేతికి ఒక ముక్క వస్తుంది. ఓటమి తిండి ఒక్కరే తింటారు, పొట్లంలోంచే. ఎంత తిన్నదీ తెలీదు.

ఇదంతా నాకు ఉత్త కుతూహలం కాదు. మా నాన్నకి షుగర్. ఆయన చెన్నై జట్టు మొదటి ఏడాది నుంచీ పసుపు చొక్కా మనిషి. 2025లో ఆ జట్టు 14 మ్యాచ్‌లలో 10 ఓడి, మొదటిసారి పట్టికలో అట్టడుగున నిలిచింది. అంటే మా ఇంట్లో పది రాత్రులు కారప్పూస, బజ్జీలు, "ఒక్కటేనే" అంటూ జాంగిరీ. అమ్మ క్యాలెండర్ కాగితం వెనక నాన్న పరగడుపు షుగర్ రాసిపెడుతుంది. మ్యాచ్‌ల తేదీలు పక్కన పెట్టి చూస్తే, ఓడిన మర్నాడు అంకె పెద్దగా ఉన్న రోజులే ఎక్కువ. ఒక ఇంటి లెక్కతో ఏదీ రుజువు కాదు. కానీ అది మా ఇల్లు.

"మ్యాచ్ చూడకు" అంటే ఆయన వినరు. అననక్కర్లేదు కూడా. అదే పరిశోధనలో ఒక చిన్న ఉపాయం ఉంది. ఓటమి తలుచుకున్నవాళ్లలో కొందరి చేత, జీవితంలో తమకు ముఖ్యమైనవేమిటో, ఎందుకు ముఖ్యమో రాయించారు. అలా రాసినవాళ్లు చిప్స్ మీద పడలేదు. జట్టుతో పాటు తామూ ఓడిపోయామన్న భావన, తమకంటూ వేరే ఏదో ఉందని గుర్తురాగానే పలచబడుతుందన్నమాట.

నాన్న రాసే మనిషి కాదు. అందుకని ఈ ఏడాది చివరి ఓవర్ అవగానే నేనే అడగడం మొదలుపెట్టాను: "నాన్నా, తాత నెల్లూరు నుంచి పెరంబూరు రైలు పెట్టెల కార్ఖానాకి ఎలా వచ్చారు?" మొదట విసుక్కున్నారు. తర్వాత తాత మొదటి జీతం, అరవం రాక సంతలో పడిన పాట్లు, మా ఇంటికి కరెంటు వచ్చిన రోజు... చెబుతూ ఉంటే పన్నెండయింది. అమ్మ ఉడికించిన శనగల గిన్నె ముందు పెట్టింది. మిక్స్చర్ డబ్బా ఎక్కడుందని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు.

మీ ఇళ్లలో ఓడిన రాత్రి ఏం తింటారో నాకు చెప్పండి. ముఖ్యంగా బెంగళూరు జట్టు అభిమానులు: పద్దెనిమిదో సీజన్ దాకా కప్పు లేకుండా ఎలా బతికారో, ఏం తిని బతికారో తెలుసుకోవాలని ఉంది.