కదలని కారు

మా మేనల్లుడు కూకట్‌పల్లిలో ఒక మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటాడు. పోయిన ఏడాది వేసవిలో వాళ్లింటికి వెళ్తే వాడి గదిలో కంప్యూటర్ బల్లకి ఒక స్టీరింగు బిగించి ఉంది. బల్ల కింద మూడు పెడళ్లు. "కూర్చో మావయ్యా, ఒక రౌండ్ కొట్టు" అన్నాడు. తెర మీద ఇటలీలోని మోంజా ట్రాక్. తిన్నటి రోడ్డు మీద కారు గంటకి 300 కిలోమీటర్లకి దగ్గర పడుతుండగా మొదటి మలుపు మీదికి వచ్చేసింది. బ్రేకు గట్టిగా తొక్కాను. కారు ఆగలేదు కానీ నేను కూర్చున్న కుర్చీ చక్రాల మీద వెనక్కి దొర్లిపోయి మంచానికి కొట్టుకుంది.

"అందరూ మొదట్లో ఇలాగే పోతారు" అని వాడు పకపకా నవ్వాడు. మర్నాటికి కుర్చీ కాళ్లని తాడుతో బల్లకి కట్టేశాడు. ఇంట్లో రేసింగ్ సిమ్యులేటర్ కట్టుకునే వాళ్లందరి కథా దాదాపు ఈ తాడుతోనే మొదలవుతుందని నాకు తర్వాత తెలిసింది. ఏడాది పాటు ఆ గదిలో తాడు పోయి ప్లైవుడ్, ప్లైవుడ్ పోయి ఇనుము, ఇనుము పోయి అల్యూమినియం రావడం చూశాను. అప్పుడు తట్టింది: ఈ యంత్రంలో దీనికోసమే పుట్టిన భాగం ఒక్కటీ కనబడదు. అన్నీ వేరే పనుల మీద పుట్టి, దారి తప్పి ఇక్కడికి చేరినవే.

దీని ముత్తాత ఆర్గన్ తిత్తుల మీద ఊగేది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్ ఊళ్లో ఎడ్విన్ లింక్ అనే కుర్రాడుండేవాడు. తండ్రిది పియానోలు, ఆర్గన్లు చేసే కర్మాగారం. కుర్రాడికేమో విమానాల పిచ్చి. పాఠాలు నేర్చుకోవాలంటే బోలెడు ఖర్చు. ఆర్గన్లో గాలి నింపి స్వరం పలికించే తిత్తులనే ఒక చిన్న చెక్క విమానం కింద పెట్టి, చేతిలో కర్ర అటూ ఇటూ తిప్పితే విమానం వాలేట్టు చేశాడు. అది 1929. విమానం నడిపించే వాళ్లెవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మొదట కొన్నది వినోదపు పార్కుల వాళ్లు, పిల్లల్ని ఎక్కించి డబ్బులు వసూలు చేసుకోవడానికి.

1934లో అమెరికా సైన్యానికి విమానాల్లో టపా మోసే పని అప్పజెప్పారు. మంచులో, మబ్బుల్లో, కేవలం పరికరాలు చూసుకుని ఎగరడం ఆ పైలట్లకి రాదు. కొద్ది వారాల్లోనే పదిమందికి పైగా చనిపోయారు. అప్పుడు గుర్తొచ్చింది లింకు పెట్టె. సైన్యం ఆరు కొంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేలోగా అలాంటివి 10,000కి పైగా తయారయ్యాయి, సుమారు 5 లక్షల మంది వాటిలో కూర్చుని ఎగరడం నేర్చుకున్నారు.

కార్ల వైపు కథ ఇంత గంభీరంగా మొదలవలేదు. 1974లో అటారీ కంపెనీ గ్రాన్ ట్రాక్ 10 అనే నాణెం ఆటని తెచ్చింది. స్టీరింగు, పెడళ్లు, గేరు కర్ర అన్నీ ఉన్నాయి. (ఖర్చు లెక్కలో పొరపాటు చేసి తయారీ ధర కంటే తక్కువకి అమ్ముకున్నారు, అది వేరే సంగతి.) కాని ఆ స్టీరింగు ఉత్త చక్రం. ఎంత తిప్పినా చేతికి ఏమీ చెప్పదు. ఆ కంపెనీ నుంచి విడిపోయిన అటారీ గేమ్స్ 1989లో తెచ్చిన హార్డ్ డ్రైవింగ్ ఆటలో స్టీరింగు వెనక ఒక మోటారు పెట్టారు. కారు జారితే స్టీరింగు చేతుల్లో గుంజుకునేది. ఇప్పుడు దాన్నే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అంటున్నాం.

ఆ గుంజుడులో ఏముందో తెలియాలంటే నన్ను దొర్లించిన ఆ కుర్చీ చక్రాన్నే చూడండి. కుర్చీని ఎటు నెడితే చక్రం తనని కుర్చీకి పట్టి ఉంచే నిలువు కడ్డీకి వెనకగా తిరిగి అటే సర్దుకుంటుంది. నేలకి ఆనే చోటు ఆ కడ్డీకి కాస్త వెనకన ఉండటమే కారణం. కారు ముందు టైరులో కూడా ఇలాంటి ఎడం కొద్దిగా ఉంటుంది. మలుపులో రోడ్డు టైరుని పక్కకి నెట్టే బలం టైరు నడిమధ్యన కాక కాస్త వెనకగా పనిచేస్తుంది. అందుకే స్టీరింగు వదిలితే తనంతట తాను తిన్నగా అవుతుంది. మలుపు ఇంకా వాడిగా తీసుకుంటే రోడ్డుకి ఆనిన రబ్బరులో వెనక భాగం జారడం మొదలుపెడుతుంది. ఆ బలం ముందుకి జరిగి ఎడం తగ్గిపోతుంది. స్టీరింగు ఒక్కసారిగా తేలికవుతుంది. టైరు పట్టు పూర్తిగా తప్పడానికి కాస్త ముందే ఇది జరుగుతుంది. మంచి డ్రైవరు చేతులు వెతికేది ఈ తేలికదనాన్నే. ఐరేసింగ్ లాంటి ఆటలో కంప్యూటర్ ఈ లెక్కని సెకనుకి 360 సార్లు వేస్తుంది.

మరి ఆ కబురు చేతికి చెడకుండా అందాలిగా. 2006లో లాజిటెక్ తెచ్చిన జి25 లాంటి స్టీరింగుల్లో చిన్న మోటార్లు, పళ్ల చక్రాలు ఉంటాయి. పళ్ల మధ్య సందులో సగం కబురు పోతుంది, మిగతాది గరగరమంటుంది. ఇక్కడే ఔత్సాహికులు రంగంలోకి దిగారు. కర్మాగారాల్లో లోహాన్ని చెక్కే సీఎన్‌సీ యంత్రాలకి వాడే సర్వో మోటార్లు తెచ్చి, పళ్ల చక్రాలేమీ లేకుండా ఇరుసుకే నేరుగా స్టీరింగు బిగించారు. ఇదే డైరెక్ట్ డ్రైవ్. పాత పళ్ల స్టీరింగు ఇచ్చే మెలి బలం సుమారు 2 న్యూటన్ మీటర్లు. 30 సెంటీమీటర్ల చక్రం అంచున పట్టుకుంటే కిలోన్నరకి లోపు బరువన్నమాట. పెద్ద సర్వో 20 ఇస్తుంది, అంటే అంచు దగ్గర 13 కిలోలకి పైనే. బొటనవేలు చక్రం ఊచల మధ్య ఉండగా కారు గోడని కొడితే ఆ వేలు విరగొచ్చు. వీటి పక్కన చేతికందేట్టు ఎర్రటి స్టాప్ బటన్ పెట్టుకునేది అందుకే. అది కూడా కర్మాగారం నుంచి వచ్చినదే.

ఇంత బలం వచ్చాక బల్ల ఊగడం మొదలైంది. మా వాడు ముందు స్క్వేరు పైపు కొని, వీధి చివర వెల్డింగు షాపులో చట్రం కట్టించాడు. పాతసామాన్ల కొట్లో మారుతి 800 సీటు ఒకటి పట్టుకొచ్చాడు. బాగానే ఉంది కాని పెడళ్లు రెండంగుళాలు ముందుకి జరపాలన్నా మళ్లీ వెల్డింగు షాపుకే పోవాలి. తర్వాత అల్యూమినియం ప్రొఫైల్‌కి మారాడు. కన్వేయర్లకీ, యంత్రాల చుట్టూ కట్టే కంచెలకీ వాడే గాడుల కడ్డీలివి. గాడిలో నట్టు జారించి అలెన్ కీతో బిగించడమే, ఎక్కడంటే అక్కడ ఆగుతుంది. మార్పులు చేయాలనే దురద ఉన్నవాడికి ఇంతకంటే ప్రమాదకరమైన వస్తువు లేదని మా చెల్లెలి అభిప్రాయం.

స్టీరింగు గురించి అందరూ మాట్లాడతారు. నా మటుకు ఈ యంత్రానికి ప్రాణం బ్రేకు. చవక పెడల్ కింద ఉండేది పాత రేడియోలో శబ్దం పెంచే బిరడా లాంటిది. పెడల్ ఎంత దూరం కదిలిందో అదే కొలుస్తుంది. నిజం కారు బ్రేకు అలా పనిచేయదు. గొట్టాల్లో బ్రేకు ద్రవం నిండి ఉంటుంది కాబట్టి కాస్త కదిలాక పెడల్ రాయిలా నిలిచిపోతుంది. కారు ఎంత గట్టిగా ఆగాలన్నది అక్కణ్నుంచి కాలి బలం మీదే ఆధారపడుతుంది. పైగా మన కాలికి దూరం సరిగా గుర్తుండదు, బలం గుర్తుంటుంది. ఒకే మలుపు దగ్గర ఇరవై సార్లు ఒకే రకంగా బ్రేకు పడాలంటే కొలవాల్సింది తూకం.

తూకమంటే కాటా. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా విప్పితే పళ్లెం కింద మధ్యలో బెజ్జాలున్న అల్యూమినియం దిమ్మ ఒకటి కనిపిస్తుంది. దాని పేరు లోడ్ సెల్. దిమ్మకి వెంట్రుకంత సన్నటి లోహపు గీతలు వంకరటింకరగా అతికించి ఉంటాయి. బరువు పడితే దిమ్మ కంటికి కనబడనంత వంగుతుంది. గీతలు సాగి సన్నబడతాయి, వాటిలో విద్యుత్ నిరోధం పిసరంత పెరుగుతుంది. ఈ గీతల్ని 1938లో అమెరికాలో ఇద్దరు ఒకరికొకరు తెలియకుండానే కనిపెట్టారు. వారిలో ఆర్థర్ రూజ్ అప్పట్లో చూస్తున్న పని, భూకంపం వస్తే ఎత్తయిన నీళ్ల ట్యాంకుల మీద ఎంత ఒత్తిడి పడుతుందన్నది.

మా వాడు పాడైన కాటాలోంచి 30 కిలోల దిమ్మ తీసి పెడల్ వెనక బిగించాడు. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు కాలు తీసేసినా కారు బ్రేకు పట్టే ఉంది. అరవై కిలోల బలంతో తొక్కి దాన్ని శాశ్వతంగా వంచేశాడు. కోఠి గుజరాతీ గల్లీకి పోయి పెద్ద దిమ్మ, దానితోపాటు హెచ్ఎక్స్ 711 అనే చిన్న బోర్డు తెచ్చాడు. దిమ్మ నుంచి వచ్చేది మిల్లీవోల్టుల్లోనే, దాన్ని పెంచి అంకెలుగా మార్చేది ఆ బోర్డు. అన్నీ కుదిరాయి కాని బ్రేకు మాత్రం ఏదో బద్ధకంగా పడుతోంది. రెండు రాత్రులు తల బద్దలు కొట్టుకున్నాక దొరికింది: ఆ బోర్డు మామూలుగా సెకనుకి 10 సార్లే కొలుస్తుంది. గంటకి 180 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 50 మీటర్లు పోతుంది. అంటే ఒక కొలతకీ ఇంకో కొలతకీ మధ్య కారు 5 మీటర్లు దాటేస్తోంది. బియ్యం తూచడానికి అది చాలు, మోంజాకి చాలదు. చిప్‌కి ఉన్న 15వ కాలు ఒకటి సోల్డరింగ్ ఐరన్‌తో లేపి వేరే చోట అతికిస్తే సెకనుకి 80 అవుతుంది. లేపాడు. 5 మీటర్లు కాస్తా 63 సెంటీమీటర్లకి దిగింది. స్ప్రింగు తీసేసి గట్టి రబ్బరు ముక్కలు పెట్టాడు. ఆ సాయంత్రం వాడి లాప్ సమయాలు అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి పడటం నేను కళ్లారా చూశాను.

ఇక సీటే కదిలే యంత్రాల సంగతి. ఆరు కాళ్ల మీద ఎటంటే అటు వాలే ఆ వేదికని విమాన సిమ్యులేటర్లలో చూస్తుంటాం. అది మొదట పుట్టింది టైర్ల కోసం. ఎరిక్ గాఫ్ అనే ఇంజనీరు 1950లలో బర్మింగ్‌హామ్‌లోని డన్‌లప్ కంపెనీలో టైరుని అన్ని వైపులా నొక్కి పరీక్షించడానికి తయారుచేశాడు. ఇంటి దాకా వచ్చిన నాలుగు కాళ్ల చిన్న వేదికలకి కూడా లక్షలు పోయాలి. మా వాడు సీటు కింద కంపించే స్పీకరు ఒకటి తగిలించి సరిపెట్టుకున్నాడు. అర్ధరాత్రి రెండో అంతస్తు పిన్నిగారు పైకొచ్చి "ఈ వేళప్పుడు రుబ్బేదేంటమ్మా?" అని అడిగారట. ఇప్పుడు చట్రం కింద రబ్బరు దిమ్మలున్నాయి.

బొమ్మగా మొదలై బడిగా మారిన లింకు పెట్టె కథే రేసింగ్ సిమ్యులేటర్‌దీ. 2008లో నిస్సాన్, సోనీ కలిసి ఆటగాళ్లలోంచి డ్రైవర్లని ఎంచే పోటీ పెట్టాయి. అందులో గెలిచిన స్పెయిన్ యువకుడు లూకాస్ ఒర్డోనెజ్ 2011లో లెమాన్ 24 గంటల రేసులో తన తరగతిలో రెండో స్థానంలో వచ్చిన జట్టులో ఉన్నాడు. 2023 ఫిబ్రవరి 11న మన హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఇ రేసు జరిగింది. అలాంటి వీధి ట్రాకులు ముందుగా ప్రాక్టీసుకి దొరకవు, అందుకే జట్లు మలుపులన్నీ సిమ్యులేటర్‌లోనే బట్టీ పట్టి వస్తాయి. అయితే ఇంట్లో సిమ్యులేటర్ భయం మాత్రం నేర్పదు. గోడకి కొట్టుకున్నాక బటన్ నొక్కితే మళ్లీ రోడ్డు మీదుంటాం.

కట్టుకోవాలనుకునే వాళ్లకి నా సలహా: డబ్బు తక్కువుంటే స్టీరింగు చవకది కొనండి, బ్రేకు మంచిది పెట్టుకోండి. దిమ్మ వంద కిలోలకి తగ్గకుండా చూసుకోండి. అన్నిటికంటే ముందు కుర్చీ చక్రాలు ఊడదీయండి.