డోలే బడి... పాటే పాఠం!

'ఏరు' అంటే మనకు వాగు. కోయ పిల్లాడికి మాత్రం తాగే నీళ్లు. 'లోను' అంటే మనకు లోపల, లేదంటే బ్యాంకు అప్పు! వాడికేమో సొంత ఇల్లు. వాళ్లమ్మ భాషలో ఆ మాటలకు అర్థాలవే. అలాంటి పిల్లాడు ఒకటో తరగతిలో కూర్చుని తెలుగు పాఠం వింటుంటే ఏమవుతుంది? మాట తెలిసినట్టే ఉంటుంది, అర్థం అందదు. తప్పవుతుందేమోనన్న భయంతో నోరు విప్పడు. 'మొద్దు' అన్న పేరు పడిపోతుంది. తర్వాత బడంటేనే బెరుకు.

ఖమ్మం నుంచి కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు వెళ్తుంటే అడవి చిక్కబడుతుంది. గోదావరికి అటూ ఇటూ ఉన్న ఆ పల్లెల్లో వినిపించేది కోయ భాష. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నాలుగు లక్షల మందికి పైగా దాన్ని మాతృభాషగా చెప్పుకొన్నారు. దానికంటూ వాడుకలో ఉన్న పాత లిపి లేదు. మరి ఇన్ని తరాలుగా వాళ్ల చరిత్ర ఎక్కడ దాగుంది?

పాటలో!

బొమ్మల గుడ్డే పుస్తకం

కోయల్లో డోలీలని ఒక శాఖ ఉంది. డోలు వాయిస్తూ తెగ పుట్టుపూర్వోత్తరాలు పాడటం వీళ్ల వృత్తి. వీళ్ల దగ్గర పడిగె ఉంటుంది. అదొక మూడు మూలల గుడ్డ. దానిమీద ఆ వంశం వేల్పులు, వీరుల బొమ్మలుంటాయి. జాతరలో పడిగెను ఎత్తి, బొమ్మల్లోని కథను పాటగా విప్పుతారు. పిల్లలకు అదే పుస్తకం, అదే సినిమా. కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు... అంటూ గట్లుంటాయి. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ముల కింద లెక్క, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఎవరు ఏ గట్టు, వాళ్ల ఇలవేల్పు ఎవరు... అన్నీ ఆ పాటల్లోనే తెలిసిపోతాయి. చరిత్ర, సాంఘికశాస్త్రం ఒకే పీరియడ్‌లో అన్నమాట!

ఈ విద్యకు కళాశాల లేదు. తండ్రి పాడుతుంటే కొడుకు పక్కన కూర్చుని వినాలి. దరువు పట్టుకోవాలి. ఎక్కడ గొంతు పెంచాలో, ఎక్కడ ఆపాలో చూసి నేర్చుకోవాలి. ఆడవాళ్ల బడి వేరే. పండగల్లో చేయీ చేయీ పట్టుకుని ఆడుతూ పాడే రేల పాటలవి. టీవీలో 'రేలా రే రేలా' చూసి మురిసిపోయిన వాళ్లలో ఆ పేరు అడవి పాటల పల్లవిలోదని ఎందరికి తెలుసో! ఎండాకాలం విత్తనాల పండగ వస్తుంది. దాన్ని కోయలో విజ్జ పండుం అంటారు. ఆ రోజుల్లో పెద్దల వెంట తిరిగే పిల్లలకు విత్తనం గురించి వేరే పాఠం అక్కర్లేదు.

ఇంట్లో నేర్చిన ఈ విద్య విలువ దేశానికి తెలియడానికి 2022 దాకా పట్టింది. ఆ ఏడాది పద్మశ్రీ జాబితాలో సకిని రామచంద్రయ్య పేరు కనిపించింది. ఊరు కూనవరం. శబరి గోదావరిలో కలిసే కూనవరం కాదు, మణుగూరు మండలంలోది. ఆయనకు చదవడం, రాయడం రాదు. అయినా సమ్మక్క సారలమ్మ, పగిడిద్దరాజు కథలను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. పుస్తకం చూడాల్సిన పని లేదు, అంతా కంఠంలోనే. 2024 జూన్‌లో ఆ కంఠం మూగబోయింది. పుస్తకం పోతే ఇంకో ప్రతి కొనుక్కోవచ్చు. ఇలాంటి పాటగాడు వెళ్లిపోతే, ఆయన దగ్గర ఎవరైనా నేర్చుకున్నది మాత్రమే మిగులుతుంది.

బడిలోకి అమ్మ భాష

మరి బడి ఏం చేస్తోంది? గిరిజన పిల్లలకు వాళ్ల భాషలోనే అక్షరాలు నేర్పాలన్నది నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1943లోనే మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలుపెట్టారు. చాలా ఏళ్ల తర్వాత, 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక విద్య ప్రారంభమైంది. అందులో కోయ ఒకటి. వాచకాలు తెలుగు లిపిలో, మాటలు అమ్మ భాషలో. ముందు తెలిసిన మాటతో అక్షరం పట్టుకుంటే, తర్వాత మెల్లగా తెలుగులోకి రావచ్చన్నది లెక్క. ఇక్కడే ఒక చిక్కుంది. వాచకం అచ్చు వేయించడం తేలిక. అందులోని పాటను దరువుతో పాడి వినిపించే పంతులు దొరకడమే కష్టం. ఆ పని ఊళ్లోని అవ్వలు, తాతలు చేయగలరు, బడి పిలిస్తే.

ఇదంతా అడవి పిల్లల సంగతే, మనకెందుకు అనుకోనక్కర్లేదు. భద్రాచలం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చే రామదాసు కీర్తనల్లోనే మంచి లెక్కల పాఠం ఉంది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న రాముడికి గుడి కట్టించి, తానీషా చెరసాలలో మగ్గాడు. 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తన దాదాపు ఖర్చుల పద్దే! సీతమ్మ చింతాకు పతకం, భరతుడి పచ్చల పతకం, లక్ష్మణుడి ముత్యాల పతకం, శత్రుఘ్నుడి మొలతాడు... ఒక్కోదానికి పదేసి వేలు. కొన్ని వరహాల్లో, కొన్ని మొహరీల్లో. ఆదివారం పూట ఆ పాట పెట్టి, పిల్లల చేతికి కాగితం, పెన్సిలు ఇచ్చి చూడండి. వరహాలు ఒకవైపు, మొహరీలు ఒకవైపు రాసి కూడమనండి. 'రెండూ కలిపి కూడకూడదా?' అని అడుగుతారు. 'వరహా అంటే ఎన్ని రూపాయలు?' అని కూడా అడుగుతారు. సమాధానం కోసం నాన్న కూడా వెతుక్కోక తప్పదు!

అలాగే నానమ్మకు వచ్చిన ఊడుపు పాటో, తిరగలి పాటో ఫోన్‌లో రికార్డు చేయండి. పిల్లలు దాన్ని ఆపి ఆపి వింటూ రాసుకోవాలి. అర్థం కాని మాట వచ్చినప్పుడల్లా నానమ్మనే అడగాలి. తిరగలి అటక మీద ఇంకా ఉంటే కిందికి దించండి. గుప్పెడు కందులు పోసి తిప్పితే, ఆ పాట లయ ఎందుకలా సాగుతుందో చేతులకే తెలిసిపోతుంది.