నా గురించి ఏం రాశారు?

ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, అంగన్‌వాడీలో బెంగాలీ! ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఎందరో తెలుగు పిల్లల బాల్యం ఈ మూడు భాషల నడుమ సాగుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో ఉత్తర కోస్తా జిల్లాల నుంచి ఉపాధికై తరలివెళ్ళిన కుటుంబాల వారసులు వీరు. పిల్లల ఆటపాటలను పరిశీలించవచ్చిన విద్యావేత్త ఎవరైనా అటువంటి చోట నోటు పుస్తకం తెరిస్తే, "దీదీ, ఏం రాస్తున్నావు?" అని పసివారు అడగడం సహజం. "ఏమీ లేదు, వెళ్ళి ఆడుకో" అనడం పెద్దలకు అలవాటు. ఆ జవాబు నిజం కాదు. రాస్తున్నది ఆ బిడ్డ గురించే.

పిల్లల మాటలను ఉన్నవి ఉన్నట్లు రాసుకోవడం కొత్త కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో 1924-27 మధ్య ఒక చిన్న బడిని నడిపిన సూసన్ ఐజాక్స్, అక్కడి బాలల సంభాషణల ఆధారంగా 1930, 1933 సంవత్సరాలలో రెండు గ్రంథాలు వెలువరించారు. అమెరికాలోని చికాగోలో పసిపిల్లల ఉపాధ్యాయిని వివియన్ పేలీ మరో అడుగు ముందుకు వేశారు. పిల్లలు చెప్పిన కథలను రాసుకొని, వారికే చదివి వినిపించి, వారిచేతనే అభినయింపజేశారు. రాత తిరిగి పిల్లల వద్దకే చేరింది.

ఖరగ్‌పూర్ వంటి బహుభాషా పట్టణంలో ఇలా చదివి వినిపించడం మర్యాద మాత్రమే కాదు, అవసరం కూడా. "మామ వచ్చాడు" అని తెలుగు బిడ్డ అంటే, బెంగాలీ శ్రోత మేనమామ అనే అనుకుంటాడు. తెలుగు ఇంట మేనత్త భర్త కూడా మామే; బెంగాలీలో ఆయనకు వేరే పిలుపు ఉన్నది. రాసినది వినిపిస్తే "కాదు, అత్త వాళ్ళ మామ" అని ఆ బిడ్డే దిద్దగలదు. లేకుంటే పొరపాటే పరిశోధనలో నిలిచిపోతుంది.

తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కు బాలలకున్నదని 1989 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడిక ప్రకటించింది. భారతదేశం 1992లో అందులో చేరింది. ఆరోగ్య పరిశోధనలలో తల్లిదండ్రుల అనుమతితోపాటు ఏడేళ్ళు దాటిన పిల్లల సమ్మతి కూడా కోరాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంగన్‌వాడీ పూర్వ ప్రాథమిక విద్యకు వచ్చేది మూడు నుంచి ఆరేళ్ళ వారు. అంటే వారితో మాట్లాడడం పరిశోధకుల విజ్ఞతకే మిగిలిన బాధ్యత.

ఇందుకు పెద్ద మాటలు అక్కరలేదు. "నువ్వు ఆడుకుంటూ చెప్పినవి మరచిపోకుండా రాసుకుంటున్నాను. చదవనా?" అంటే చాలు. "అది రాయవద్దు" అని బిడ్డ అంటే, ఆ పంక్తిని ఆమె ఎదుటనే కొట్టివేయాలి. తన మాట అక్షరమవుతుందనీ, ఆ అక్షరంపై తనకూ అధికారం ఉన్నదనీ గ్రహించిన బిడ్డకు చదువుపై మక్కువ కలగడానికి అంతకు మించిన తొలి పాఠం వేరొకటి లేదు.